స్లాబు పోయకముందే నీడను చూసుకోవాలి

మన దగ్గర ఇంటికి సోలార్ పెట్టించుకునే పని దాదాపు ఎప్పుడూ ఒకే వరుసలో సాగుతుంది. ముందు ఇల్లు పూర్తవుతుంది, గృహప్రవేశం అవుతుంది, గదికొక ఏసీ వస్తుంది, మొదటి ఎండాకాలం బిల్లు చేతికి అందుతుంది, ఆ తరువాత మిద్దె మీదికి ఎక్కి ప్యానెళ్లు ఎక్కడ పడతాయో వెతకడం మొదలవుతుంది. అప్పటికే నైరుతిలో నీళ్ల ట్యాంకు, దాని కింద మెట్లగది, చుట్టూ నాలుగడుగుల పిట్టగోడ, మధ్యలో డిష్ యాంటెన్నా, బట్టలు ఆరేసుకునే ఇనుప గుంజలు ఎవరి చోటు వారు ఆక్రమించుకుని ఉంటాయి కనుక, ప్యానెళ్లకు మిగిలేది ఎవరికీ అక్కరలేని మూల మాత్రమే. నల్లగొండలో మా వీధిలోనే అలా మూలకు చేరిన ప్యానెళ్లు ఉన్నాయి. మధ్యాహ్నం మూడు దాటిందంటే వాటిలో సగం ట్యాంకు నీడలో నిలబడి ఉంటాయి.

మహబూబ్‌నగర్‌లో మా బావమరిది ఇల్లు కట్టుకుంటున్నాడు. రెండు వందల గజాల తూర్పు ముఖం ప్లాటు, ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. చుట్టూ వదలవలసింది వదిలితే స్లాబు ఇరవై నాలుగు అడుగులకు యాభై అడుగులు వస్తుంది. నేను ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పేవాడిని కాబట్టి పిల్లర్లు లేస్తున్న రోజుల్లోనే ఫోను చేసి, "బావా, ఎన్ని కిలోవాట్లు పెట్టించుకోమంటవు?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఇంత ముందుగా అడిగేవారు అరుదు. కిలోవాట్ల లెక్క ఎలాగూ తేలుతుంది, ముందు స్లాబు నక్షా పంపించమని చెప్పాను.

అయినా కిలోవాట్ల సంగతి తొలుత చెప్పడమే మంచిది, ఎందుకంటే డబ్బు అక్కడే ఉంది. దక్షిణ తెలంగాణలో ఒక కిలోవాట్ సామర్థ్యం ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున ఇస్తుందని లెక్క వేసుకోవచ్చు. ఆకాశం తేటగా ఉండే మార్చి, ఏప్రిల్ నెలల్లో అంతకంటే ఎక్కువ, ముసురు పట్టిన జూలై, ఆగస్టులలో తక్కువ. మా బావమరిది ప్రస్తుతం ఉంటున్న అద్దె ఇంటి బిల్లులు ముందేసుకుని చూస్తే నెలకు సగటున 320 యూనిట్లు, మే నెలలో ఐదు వందలు దాటుతున్నాయి. 2022 నుంచి అమలులో ఉన్న గృహ వినియోగ టారిఫ్ ప్రకారం 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి రెండు వందలకు యూనిట్ 5.10 రూపాయలు, ఆపై వందకు 7.70, ఆపై వందకు 9 రూపాయలు పడుతుంది. ఆ లెక్కన 320 యూనిట్లకు కరెంటు ఖరీదు 1,970 రూపాయలు. స్థిర చార్జీలు, సుంకం వేరే.

ఇప్పుడు రెండు కిలోవాట్లు పెట్టాడనుకుందాం. నెలకు సుమారు 240 యూనిట్లు వస్తాయి, ప్యానెళ్లు ఇచ్చినదాన్ని వాడినదాంట్లోంచి తీసేసి లెక్కగట్టే నెట్ మీటరు పద్ధతిలో 80 యూనిట్లు మిగులుతాయి, వంద లోపు వాడే ఇంటికి మొదటి యాభై యూనిట్లు 1.95 చొప్పున, తరువాతివి 3.10 చొప్పున కనుక ఖరీదు 190 రూపాయలకు దిగుతుంది. అంటే మొదటి రెండు కిలోవాట్లు నెలకు 1,780 రూపాయలు మిగిలిస్తుండగా, మూడో కిలోవాట్ మిగిల్చేది ఆ 190 మాత్రమే. అమ్మేవారు ఈ లెక్క ఎన్నడూ ఇలా విడదీసి చెప్పరు. మూడు కిలోవాట్లకు ఇంత ఖర్చు, నెలకు ఇంత ఆదా అని కలిపి చెబుతారు. అయితే మే నెలలో కథ మారుతుంది. అప్పుడు 520 యూనిట్లు వాడే ఇంట్లో రెండు కిలోవాట్లు 260 దాకా ఇచ్చినా ఇంకా 260 మిగిలి, దాదాపు 1,480 రూపాయలు కట్టవలసి వస్తుంది; మూడు కిలోవాట్లుంటే 130 యూనిట్లకు 480 చిల్లరతో సరిపోతుంది. మూడో కిలోవాట్ ఎండాకాలపు ఏసీ కోసమే అన్నమాట. ఇంట్లో రెండు ఏసీలు నిజంగా నడుస్తాయా, ఎలక్ట్రిక్ స్కూటరు కొనే ఆలోచన ఉందా అన్నది తేల్చుకున్నాకే దాని గురించి ఆలోచించాలి. స్థలం మాత్రం మూడు కిలోవాట్లకూ కేటాయించి ఉంచాలి.

రాష్ట్ర ప్రభుత్వపు గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడుతూ సున్నా బిల్లు అందుకుంటున్న కుటుంబాల సంగతి వేరు. 2024 మార్చి నుంచి ఆ ఇళ్లకు బిల్లే లేనప్పుడు సోలార్ మిగిల్చేదేమిటి? రుణం ఇప్పిస్తామని గడప దాకా వచ్చేవారికి అలాంటి ఇంటివారు మొహమాటం లేకుండా వద్దని చెప్పవచ్చు. నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో లాగా ప్రభుత్వమే ఊరంతటికీ పెట్టిస్తే అది మరో లెక్క.

సోలార్ ఇంటి నక్షాలో ప్యానెళ్ల కంటే ముందు వచ్చేది ఇల్లు వేడెక్కకుండా చూసుకోవడం. నల్లగొండలో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటడం కొత్త సంగతి కాదు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పది గంటలకు గదిలోకి వేడిని వదులుతూ ఉంటుంది, ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీ తెల్లవార్లూ పని చేస్తుంది. మన మట్టి మిద్దెలకు ఈ బాధ లేదు, వాటికి వేరే బాధలుండేవి. రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. స్లాబు మీద తెల్లటి పూత గాని, తెల్లటి పెంకు ముక్కలు గాని పరిస్తే ఎండలో చాలా భాగం వెనక్కి పోతుందన్నదే దాని సారం. ప్యానెళ్లను స్లాబుకు ఎడంగా ఎత్తి పెడితే వాటి నీడ పడినంత మేర అదే పని ఉచితంగా జరుగుతుంది. పడమటి గోడకు పెద్ద కిటికీలు పెట్టకపోవడం, పెట్టినా లోతైన సజ్జలు దించడం, బెడ్‌రూము నెత్తి మీదికి ప్యానెళ్ల నీడ వచ్చేలా చూసుకోవడం, ఇవన్నీ మేస్త్రీతో మాట్లాడే రోజుల్లో పైసా ఖర్చు లేకుండా తేలే విషయాలు. ఫ్యాన్ల విషయం రెండు ముక్కల్లో చెప్పాలంటే, పాత ఫ్యాను 75 వాట్లు తాగే చోట బీఎల్‌డీసీ (బ్రష్షులు లేని డీసీ మోటరు) ఫ్యాను ముప్పై వాట్ల చుట్టూ తాగుతుంది. ఆరు ఫ్యాన్లు తిరిగే ఇంట్లో ఈ ఒక్క మార్పు ఎండాకాలంలో అర కిలోవాట్ ప్యానెళ్లకు సమానమైన పని చేస్తుంది.

ఇక నీడ సంగతి. సోలార్ ఇంటికి సంబంధించి నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ప్యానెళ్లను వరుసగా ఒకదానికొకటి కలుపుతారు. ఎగువన కాలువకు ఒకచోట పూడిక పడితే దిగువ మడులన్నింటికీ నీరు సన్నగిల్లినట్లు, వరుసలో ఒక ప్యానెలు మీద నీడ పడితే ఆ వరుస మొత్తానికీ కరెంటు తగ్గుతుంది. ప్రతి ప్యానెలులో సాధారణంగా మూడు బైపాస్ డయోడ్లు ఉండి, నీడ పడిన భాగాన్ని పక్కకు తప్పిస్తాయి గాని, ఆ భాగం ఇచ్చే ఉత్పత్తి మాత్రం పోయినట్లే. అందువల్ల మిద్దె మీద ఏ వస్తువు నీడ ఏ నెలలో ఏ వేళకు ఎక్కడిదాకా వస్తుందో ముందే తెలుసుకోవాలి.

మన ప్రాంతం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు మే రెండో వారం మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి సరిగ్గా నడినెత్తి మీదుగా వెళతాడు. ఆ రెండింటి మధ్య మధ్యాహ్నపు ఎండ ఉత్తరం వైపు నుంచే వస్తుంది. మిగిలిన ఏడాదంతా సూర్యుడు దక్షిణాన ఉంటాడు, డిసెంబరు చివర అన్ని రోజులకంటే కిందికి దిగుతాడు. ఆ రోజుల్లో మధ్యాహ్నం కూడా ఎత్తు యాభై డిగ్రీలకు మించదు కనుక పదడుగుల గోడకు ఎనిమిదిన్నర అడుగుల నీడ ఉత్తరానికి పడుతుంది. మూడు గంటల ప్రాంతానికి ఎత్తు ముప్పై డిగ్రీలకు దిగి, అదే గోడ మూల నుంచి పదిహేడు అడుగుల నీడ బయలుదేరుతుంది. అది ఏ దిక్కుకు? దాదాపు సరిగ్గా ఈశాన్యానికి.

మన ఇళ్లలో ట్యాంకు నైరుతిలో ఉంటుంది, ఉండాలంటుంది వాస్తు. నైరుతిలోని ట్యాంకు నీడ చలికాలపు సాయంత్రం మిద్దెను కోణంగా కోసుకుంటూ ఈశాన్యం దాకా పోతుంది. మెట్లగది ఎనిమిదడుగులు, దాని మీద ట్యాంకు ఐదడుగులు కలిపి పదమూడు అడుగులైతే నీడ ఇరవై రెండు అడుగులు. ఇరవై నాలుగు అడుగుల వెడల్పున్న స్లాబు మీద అది ఎంత భాగమో చెప్పనక్కరలేదు. పోనీ ప్యానెళ్లను ట్యాంకు వెనక కాకుండా దక్షిణపు అంచున పక్కగా పెడదామంటే ఎండాకాలపు సాయంత్రం మరో చిక్కు వస్తుంది. జూన్‌లో సూర్యుడు వాయవ్యానికి వాలుతాడు కనుక ట్యాంకు నీడ అప్పుడు ఆగ్నేయం వైపు తిరుగుతుంది.

సంక్రాంతికి ముందు నేను మహబూబ్‌నగర్ వెళ్లినప్పుడు ఈ లెక్క మాటలతో చెబితే ఎవరికీ ఎక్కలేదు. మేస్త్రీ చేత మూడడుగుల చువ్వ ఒకటి కోయించి, బేస్‌మెంటు మట్టం చేసిన చోట, గదుల నక్షాలో ట్యాంకు వచ్చే మూలన తూకం గుండు పట్టి నిటారుగా నిలబెట్టించాను. మూడున్నర కావస్తుండగా చువ్వ నీడ కొసకు మేస్త్రీ బొగ్గుతో గీత గీశాడు. టేపు పెడితే దాదాపు ఐదడుగులు. నీడ కొస పూజగదికి ముగ్గు వేసిన వైపే చూపిస్తోంది. వాస్తు చూసే పెద్దమనిషి కూడా అక్కడే ఉన్నాడు. ఆయన ఆ గీత వంక కాసేపు చూసి, "ఈశాన్యంల బరువు వద్దని మేం ముందునుంచే చెప్తున్నం గద" అన్నాడు. ఆయన కారణం వేరు, నా కారణం వేరు, కాని ఈశాన్యం మూలను ఖాళీగా ఉంచాలన్న దగ్గర మా ఇద్దరికీ పేచీ లేకపోయింది. మా బావమరిది భార్యకైతే మూడో కారణం ఉంది: వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి పొద్దున్నే ఎండ తగిలే చోటు కావాలి, ఆ చోటు మీదికి ఇనుప కాళ్లు రాకూడదు.

చివరికి ఒప్పుదల కుదిరింది ఎత్తు దగ్గర. ట్యాంకు నైరుతిలోనే ఉంటుంది. ప్యానెళ్లను స్లాబుకు అంటించినట్లు కాకుండా ఎనిమిదడుగుల స్టాండు మీదికి ఎత్తితే, వాటి మట్టం నుంచి చూసినప్పుడు ట్యాంకు పదమూడు అడుగుల వస్తువు కాదు, ఐదడుగుల వస్తువు. దాని చలికాలపు నీడ ఎనిమిదిన్నర అడుగులకు కుదించుకుపోతుంది. 540 వాట్ల ప్యానెలు ఒకటి సుమారు ఏడున్నర అడుగుల పొడవు, మూడు అడుగుల తొమ్మిది అంగుళాల వెడల్పు ఉంటుంది. మూడు కిలోవాట్లకు ఆరు ప్యానెళ్లు, రెండు వరుసల్లో మూడేసి చొప్పున పెడితే పదకొండు అడుగులకు పదిహేను అడుగుల పందిరి. ట్యాంకుకు పదడుగుల ఎడం ఇచ్చి, తూర్పు వైపు జరిపి, ఈశాన్యం వదిలేసి ఆ పందిరిని నక్షాలో గీశాం. ఎండాకాలం రాత్రులు మంచం వేసుకోవడానికి ఆ పందిరి కింది చోటు పనికొస్తుందని మా అత్తగారు అప్పుడే నిర్ణయించేసింది.

పక్కింటివారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి, ముఖ్యంగా దక్షిణం వైపు వారిని. వారు రేపు మన కంటే ఒక అంతస్తు ఎక్కువ లేపితే ఆ పదడుగుల గోడ నీడ డిసెంబరులో మూడు గంటలకు ఉత్తరానికి పదకొండు అడుగుల దాకా చాచుకుంటుంది. ఇద్దరి మధ్య ఆరడుగుల సందు ఉంటే మన స్లాబు మీద ఐదడుగుల పట్టీ పోతుంది. వారిని కట్టవద్దనలేం, మన పందిరిని దక్షిణపు పిట్టగోడకు ఐదారడుగులు ఎడంగా పెట్టుకోగలం. ఉత్తరపు ఇంటివారు ఎంత ఎత్తు కట్టుకున్నా మనకు పెద్దగా నష్టం లేదు. డిష్ యాంటెన్నా, పిడుగు కడ్డీ వంటివాటిని ప్యానెళ్లకు ఉత్తరంగా నిలపాలన్నది కూడా ఇందుకే. పిడుగు కడ్డీని తెచ్చి ప్యానెళ్లకు దక్షిణాన నాటిన ఇళ్లు చూశాను, సన్నటి నీడే కదా అనుకుంటారు.

మన ఊళ్లలో ఏ ఇల్లు చూసినా పిల్లర్ల చువ్వలు స్లాబు దాటి పైకి లేచి ఉంటాయి. పిల్లవాడి పెళ్లినాటికి పై అంతస్తు వేసుకోవాలన్న ఆశ ఆ చువ్వల రూపంలో తుప్పు పడుతూ ఉంటుంది. ప్యానెళ్లకు కంపెనీలు పాతికేళ్ల పనితీరు హామీ ఇస్తాయి, పై అంతస్తు పదేళ్లలోపే రావచ్చు. అందుకని స్టాండు కాళ్లను వెల్డింగ్‌తో కాకుండా బోల్టులతో బిగించాలి, విప్పితే విడిభాగాలుగా దిగాలి. కాళ్లు కూడా ఎక్కడ పడితే అక్కడ కాకుండా సాధ్యమైనంత వరకు పిల్లర్ల మీదో బీముల మీదో నిలవాలి. ఆ చోట్లలో స్లాబుతో పాటే అడుగు ఎత్తు కాంక్రీటు దిమ్మెలు పోయించి, వాటిలో బోల్టులు ముందే పాతి ఉంచితే, తరువాత స్లాబుకు డ్రిల్లుతో రంధ్రాలు వేయవలసిన అవసరం రాదు. వేసిన రంధ్రం వానాకాలంలో ఎక్కడ ఉరుస్తుందో కనిపెట్టడం ఎంత కష్టమో ఇల్లు కట్టినవారెవరినైనా అడగండి.

బరువు గురించి చాలామంది భయపడతారు గాని అది అనవసరపు భయం. ఒక ప్యానెలు 28 కిలోల వరకు తూగుతుంది, స్టాండుతో కలుపుకున్నా చదరపు మీటరుకు ఇరవై, ఇరవై ఐదు కిలోలకు మించదు. మనుషులు తిరిగే స్లాబును చదరపు మీటరుకు నూట యాభై కిలోల అదనపు భారానికి సరిపడేలా రూపకల్పన చేస్తారు. భయపడవలసింది గాలికి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఒక్కసారిగా లేచే గాలిదుమారం రేకులను లేపుకుపోయినట్లే ప్యానెళ్లనూ కింది నుంచి పైకి ఎత్తుతుంది. హైదరాబాదుకు భారతీయ ప్రమాణం నిర్దేశించిన మూల గాలివేగం సెకనుకు 44 మీటర్లు. ఆ వేగానికి తట్టుకునే లెక్క వేశారా అని స్టాండు చేసేవారిని అడగాలి. జవాబు చెప్పలేకపోతే ఇనుము మందం చూసి మురిసిపోవద్దు. వాలు విషయంలో పది నుంచి పదిహేను డిగ్రీలు దక్షిణానికి ఉంటే చాలు. అక్షాంశానికి సమానంగా 17 డిగ్రీలు పెట్టాలన్నది పుస్తకాల మాట. ఆ కొద్ది డిగ్రీలు తగ్గిస్తే పోయే యూనిట్లు లెక్కలోకి రావు, గాలి పట్టు మాత్రం తగ్గుతుంది.

ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందన్న నమ్మకంలో సగమే నిజం. ప్యానెలుకు కావలసింది వెలుతురు, వేడి దానికి గిట్టదు. దాని మీద రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల వేడి దగ్గర కొలిచినవి. అంతకు పైన పెరిగే ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది, టాప్‌కాన్ అనే కొత్త రకం ప్యానెళ్లలో కొంచెం తక్కువగా తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెలు 65 డిగ్రీలకు చేరితే నలభై డిగ్రీల తేడాకు 14 శాతం గాలిలో కలిసినట్లే. కింద గాలి ఆడే ఎత్తు ఉంటే వేడి కొంత తగ్గుతుంది, మన పందిరికి ఆ లాభమూ ఉంది.

కొత్తగా పెట్టించుకున్నవారు తెల్లబోయే విషయం ఒకటుంది. ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే యంత్రం, అంటే నెట్ మీటరుతో నడిచే మామూలు సోలార్ ఇన్వర్టరు, వీధిలో కరెంటు పోయిన మరుక్షణం తానూ ఆగిపోతుంది. బయట ఎర్రటి ఎండ, మిద్దె మీద మూడు కిలోవాట్లు, ఇంట్లో ఫ్యాను తిరగదు. మా పక్కింటాయన ఇదేం మోసమని ఒకసారి నా దగ్గరికే వచ్చాడు. ఇది మోసం కాదు, లైన్‌మన్ ప్రాణానికి సంబంధించిన ఏర్పాటు: తీగలో కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన మనిషికి మన మిద్దె నుంచి కరెంటు ఎదురు రాకుండా ఇన్వర్టరు తనంతట తాను విడిపోవాలని ప్రమాణమే చెబుతుంది. కోత సమయంలోనూ సోలార్ పని చేయాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి, దాని ఖర్చు వేరు. మహబూబ్‌నగర్ పట్టణంలో ఇప్పుడు ఎక్కువసేపు కోతలు లేవు కాబట్టి నేను దాన్ని సిఫారసు చేయలేదు, ఇంట్లో ఇప్పటికే ఉన్న చిన్న ఇన్వర్టరు, దాని బ్యాటరీ చాలు. కాని గోడల్లో పైపులు వేసేటప్పుడే లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, వైఫై ఒక బోర్డుకు, ఏసీలు, గీజరు, బోరు మోటరు మరో బోర్డుకు విడదీయించాను. రేపు హైబ్రిడ్ పెట్టుకోవాలనిపిస్తే మొదటి బోర్డును దానికి కలిపితే సరిపోతుంది, గోడలు కొట్టే పని ఉండదు.

ఇదే సందర్భంలో ఇంకో మాట. నెట్ మీటరు ఉన్నవారు మోటరు పగలే వేయాలి, బట్టలు పగలే ఉతకాలి అని నియమాలు పెట్టుకుంటుంటారు. పగలు మనం వాడుకోని యూనిట్ లైనులోకి పోయి రాత్రి యూనిట్‌కు యూనిట్‌గా లెక్కకు వస్తుంది కనుక బిల్లులో తేడా ఉండదు. ఆ క్రమశిక్షణ బ్యాటరీ మీద బతికే ఇళ్లకు అవసరం. అయితే ఏడాది పొడవునా వాడేదానికంటే ఎక్కువ ఉత్పత్తి చేస్తే మిగులు యూనిట్లకు దక్కే ధర తక్కువ, అందుకే అవసరానికి మించి పెట్టవద్దనడం.

స్లాబుకు సెంట్రింగ్ కొట్టే నాటికి ఎలక్ట్రీషియన్‌తో ఖరారు చేసుకోవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. మిద్దె మీది నుంచి ఇన్వర్టరు పెట్టే చోటి దాకా ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటు తీగలకు ప్రత్యేకంగా ఒక పైపు, ఇంట్లో వాడే మామూలు కరెంటు (దాన్నీ ఏసీ అనే అంటారు, గది ఏసీ కాదు) తీగలకు మరో పైపు ఉండాలి. లేకపోతే గృహప్రవేశమయ్యాక కొత్త రంగు వేసిన ముందు గోడ మీదుగా నల్లటి పైపు వేలాడుతుంది. ఇన్వర్టరును మెట్ల కింద నీడలో, గాలి తగిలే చోట పెట్టాలి, పడమటి గోడకు ఎండలో వేలాడదీయకూడదు. డీసీ కరెంటుకు, ఏసీ కరెంటుకు, పిడుగు కడ్డీకి మూడు వేర్వేరు ఎర్తింగులు కావాలి. మా నల్లగొండలో నాలుగడుగులు తవ్వితే బండ తగులుతుంది, పైన మొరం ఎండిపోయి ఉంటుంది, ఎండిన నేలలో ఎర్తింగు ఉన్నా లేనట్లే. బట్టలు ఉతికే నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు పోయే వైపు గుంతలు తీయిస్తే అవి ఏడాదంతా తడిగా ఉంటాయి. పునాది తవ్వుతున్నప్పుడే ఈ గుంతలు తీయిస్తే జేసీబీ వాడకం కూడా కలిసివస్తుంది.

మిద్దె మీద ఒక కుళాయి తప్పనిసరి. దుమ్ము మీద మంచు పడి ఆరితే ప్యానెలు మీద మట్టి పొర తయారవుతుంది, చలికాలంలో వానలు లేక అది అలాగే ఉండిపోతుంది. అయితే ఆ కుళాయికి ఏ నీళ్లు వస్తున్నాయన్నది మన జిల్లాల్లో ముఖ్యం. మన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ గురించి దేశమంతటికీ తెలుసు. ప్యానెళ్లకు చేటు చేసేది ఫ్లోరైడ్ కాదు, ఆ నీళ్ల కఠినత్వం. బోరు నీళ్లతో కడిగి ఎండకు వదిలేస్తే చుక్క చుక్కకూ తెల్లటి మచ్చ మిగులుతుంది, నెలలు గడిచేకొద్దీ అది అద్దానికి పొరలా పట్టి, గుడ్డతో రుద్దినా పోదు. ఆర్వో యంత్రం వదిలే నీళ్లు వృథా పోతున్నాయి కదా అని వాటితో కడిగేవారూ ఉన్నారు, అవి బోరు నీళ్లకంటే ఉప్పగా ఉంటాయి. మిషన్ భగీరథ కుళాయి నీళ్లయితే మేలు, వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే మరీ మేలు. కడగడం సూర్యోదయానికి ముందు గాని, ప్యానెళ్లు చల్లారిన సాయంత్రం గాని చేయాలి. కాగిన అద్దం మీద చల్లటి నీళ్లు పోయకూడదు. ఎనిమిదడుగుల పందిరికి పొడవాటి కర్ర బ్రష్షు, నిచ్చెన నిలబెట్టడానికి చుట్టూ రెండడుగుల చోటు కావాలి. కోతుల బెడద ఉన్న వీధుల్లో ప్యానెళ్ల కింది తీగలను ఇనుప గొట్టాల్లోంచి తీసుకెళ్లాలి. కోతులు ప్యానెళ్ల మీద కూర్చున్నా అద్దానికి ఏమీ కాదు, వేలాడే తీగ కనిపిస్తే మాత్రం పీకకుండా ఉండవు.

కేంద్ర ప్రభుత్వపు పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున, మూడో దానికి 18,000 రూపాయలు, మొత్తం 78,000 రూపాయలు రాయితీ. అంతకు మించి ఎన్ని కిలోవాట్లు పెట్టినా అదే. పథకం ప్రమాణంగా తీసుకున్న ధర రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 50,000, ఆపై 45,000 రూపాయలు. మనం అనుకున్న ఎత్తైన స్టాండు ఆ ధరలో రాదు, విడిగా పెట్టుకోవలసిందే. రాయితీ కావాలంటే దేశంలోనే తయారైన సెల్లులతో చేసిన ప్యానెళ్లు ఉండాలి; విదేశీ సెల్లులవి కొంత చవకగా దొరుకుతాయి, వాటికి రాయితీ రాదు. పది కిలోవాట్ల లోపు వాటికి సాంకేతిక సాధ్యత పరిశీలన అక్కరలేదని 2024లో నిబంధన సడలించారు కాబట్టి దరఖాస్తు పని ఒకప్పటికంటే తేలికైంది.

మా బావమరిది మొదట రెండు కిలోవాట్లు పెట్టించి, స్టాండు మాత్రం ఆరు ప్యానెళ్లకు సరిపడా చేయిస్తానంటున్నాడు. నేను మూడూ ఒకేసారి పెట్టించమంటున్నాను, ఎందుకంటే తరువాత పెట్టే మూడో కిలోవాట్‌కు రాయితీ కోసం మళ్లీ కాగితాల చుట్టూ తిరగడం కంటే ఇప్పుడే పూర్తి చేసుకోవడం నయమని నా ఉద్దేశం. దానికంటే ముందు తేలవలసిన పని ఇంకొకటి ఉంది. ప్రస్తుతం ప్లాటులో ఉన్నది ఇల్లు కట్టుకోవడానికి తీసుకున్న తాత్కాలిక కనెక్షన్. అది కూడా ప్లాటు రిజిస్ట్రేషన్‌కు ముందటి కాగితాలతో మా మామగారి పేరు మీద ఉంది. రాయితీ గృహ వినియోగపు సర్వీసుకే వస్తుంది, దరఖాస్తు చేసేవారి పేరు, బిల్లు మీది పేరు ఒకటే కావాలి. స్లాబు ఆరేలోగా ఆ పేరు మార్పిడి, కేటగిరీ మార్పిడి కాగితాలు ఇచ్చి రమ్మని చెప్పాను.